మా అత్త వాళ్ల కాళాస్త్రి

నేను పుట్టి పెరిగింది తిరుపతిలో. అయినా గుడి ఊరు అనగానే నా మనసు ముందు పోయేది శ్రీకాళహస్తికి. మా ఇంట్లో అందరం కాళాస్త్రి అనే అంటాం. తిరుపతి మాకు బడి, బజారు, నాన్న ఉద్యోగం ఉన్న ఊరు. కొండ మీదికి పోవాలంటే ఏదో ఒక మొక్కో, పుట్టువెంట్రుకలో, దూరం నుంచి చుట్టాలు రావడమో ఉండాలి. కాళాస్త్రికి అట్లాంటి కారణమేదీ అక్కర్లేదు. మా మేనత్త అక్కడుంది, అంతే. వేసవి పరీక్షలు అయిపోతే చాలు, నాన్న నన్ను తీసుకుపోయి అత్త ఇంట్లో వదిలేసి వచ్చేవాడు. మళ్లీ బడి తెరిచేదాకా నేను ఆ ఊరిదాన్నే.

ఈమధ్య ఎవరితో కాళాస్త్రి మాటెత్తినా ఒకటే వింటున్నాను. "ఆ, పోయినాం. తిరుమల దర్శనం చేసుకుని, వచ్చేటప్పుడు రాహుకేతు పూజ చేయించుకుని వచ్చేసినాం" అంటారు. ఆ పూజ మీద నమ్మకంతో ఎక్కడెక్కడి నుంచో వస్తారు, ఆ నమ్మకం పట్ల నాకు గౌరవమే. కానీ ఆ ఊరిని రెండు గంటల్లో దాటిపోతున్నారంటే ప్రాణం ఉసూరుమంటుంది. ఒక్క రాత్రి ఉండండయ్యా, ఒక్కసారి ఏటి గట్టుకు పొండి, ఒక్క సాయంత్రం కన్నప్ప కొండెక్కండి అని చెప్పాలనిపిస్తుంది. అందుకే నాకు తెలిసిన కాళాస్త్రిని ఇక్కడ రాస్తున్నాను.

తిరుపతి నుంచి నలభై కిలోమీటర్ల లోపే. రేణిగుంట దాటితే ఏర్పేడు, అక్కడ మలయాళస్వామి వారి వ్యాసాశ్రమం. ఏర్పేడుకు దగ్గర్లోనే పాపానాయుడుపేట ఉంది, గాజు పూసలకు పేరుపడ్డ ఊరు. ఆ పక్కన గుడిమల్లం. క్రీస్తు పుట్టకముందు నాటిదని పండితులు చెప్పే శివలింగం ఆ గుడిలో ఇప్పటికీ పూజలందుకుంటోంది. చిన్నప్పుడు ఇవేవీ నాకు పట్టేవి కావు. బస్సులో కిటికీ పక్క సీటు దొరకబుచ్చుకుని గాలిగోపురం కోసం చూడటమే నా పని. ఊరు ఇంకా దూరంగా ఉండగానే చెట్ల మీదుగా ఆ శిఖరం కనిపించేది. బస్సులో పెద్దవాళ్లు కూర్చున్నచోటే చేతులెత్తి మొక్కేవాళ్లు. నాన్న అప్పుడు సంచులు సర్దడం మొదలుపెట్టేవాడు.

ఆ గోపురం గుడి ప్రాకారానికి అంటుకుని ఉండదు, ఊళ్లో విడిగా నిలబడి ఉంటుంది. శ్రీకృష్ణదేవరాయలు 1516లో కట్టించాడు. లోపలి నూరుకాళ్ల మండపం కూడా ఆయన కట్టించిందే. ఆయన తర్వాత గద్దెక్కిన అచ్యుతదేవరాయలు 1529లో ఈ స్వామి సన్నిధిలోనే పట్టాభిషేకం చేసుకున్నాడని శాసనం. ఈ సంగతులన్నీ మామ చెప్పేవాడు. ఆయన చదువు ఎంతవరకో నేనెప్పుడూ అడగలేదు గానీ, రాయల కాలం గురించి మాట్లాడితే నిన్న మొన్న చూసివచ్చినట్టు మాట్లాడేవాడు. ఇంటి ముందు తిన్నె మీద సాయంత్రం పూట మామ వాళ్ల నాయన ధూర్జటి శతక పద్యాలు ఒకదాని తర్వాత ఒకటి పాడుతూ కూర్చునేవాడు. అష్టదిగ్గజాల్లో ఒకడైన అంతటి కవి రాజుల కొలువులను తూర్పారబట్టి ఈ శివుడి కాళ్ల దగ్గర కూర్చున్నాడని ఆ తాతకు ఎంత గర్వమో. పద్యం అర్థం కాకపోయినా ఆ గొంతు మాత్రం నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

అత్త పొద్దున్నే స్నానం చేయించి, తల తడి ఆరకుండానే గుడికి తీసుకుపోయేది. బయట ఎండ మండిపోతున్నా లోపల రాతి నడవలు చల్లగా ఉండేవి. నూనె, విబూది, తడి బండల వాసన. చోళుల కాలం నుంచి ఒక్కో రాజూ ఒక్కో చుట్టు పెంచుకుంటూ పోయిన గుడి అది. తిరుగుతూనే ఉంటే ఎక్కడినుంచి వచ్చామో మరిచిపోతాం. అరవైముగ్గురు నాయన్మార్ల, అంటే పాతకాలపు శివభక్తుల విగ్రహాల ముందు అత్త ఒక్కొక్కరికీ విడిగా నమస్కారం పెట్టేది, ఎవరినీ వదిలేది కాదు.

గర్భగుడి ముందుకు వచ్చాక నా భుజం పట్టుకుని ముందుకు తోసి, "దీపం చూడు పాపా, దీపం చూడు" అనేది చెవిలో. పంచభూత లింగాల్లో ఇది వాయులింగం. కంచిలో పృథ్వి, జంబుకేశ్వరంలో జలం, అరుణాచలంలో అగ్ని, చిదంబరంలో ఆకాశం. అవి నాలుగూ తమిళదేశంలో ఉంటే, గాలి ఒక్కటి మన దగ్గర ఉంది. గాలి చొరబడే దారి లేని ఆ లోపల స్వామి దగ్గర దీపం కదులుతూ ఉంటుంది. పక్క దీపాలు నిలకడగా ఉంటాయి, అదొక్కటి రెపరెపలాడుతుంది. అర్చకులు కూడా మూలలింగాన్ని చేత్తో తాకరు.

సాలీడు, పాము, ఏనుగు కథ అందరికీ తెలిసిందే. శ్రీ అంటే సాలీడు, కాళం పాము, హస్తి ఏనుగు. పాము తెచ్చి పెట్టిన మణులను ఏనుగు తొండంతో నీళ్లు పోసి తోసేయడం, మారేడు ఆకులతో పూజించడం, పాముకు కోపం వచ్చి తొండంలో దూరడం, చివరికి రెండూ ప్రాణాలు వదలడం. అత్త ఈ కథ ఎన్నిసార్లు చెప్పినా నా దుఃఖమంతా సాలీడు మీదే. పాపం అది స్వామికి గూడుతో గుడి కట్టింది. దీపం తగిలి గూడు కాలిపోయింది. ఆ కోపంతో దీపాన్నే మింగబోయింది. గర్భగుడిలో ఆ దీపం కదిలినప్పుడల్లా నాకు సాలీడు గుర్తొచ్చి కళ్లలో నీళ్లు తిరిగేవి. అత్త చూసి, "ఏడవగాకమ్మీ, దానికి మోక్షం వచ్చేసింది కదా" అని చీర కొంగుతో తుడిచేది. ఇప్పటికీ అక్కడ నిలబడితే నా కళ్లు చెమర్చుతాయి. కారణం అదే.

పాతాళ వినాయకుడి దగ్గరికి మాత్రం నేను ఒక్కదాన్నే పరుగెత్తేదాన్ని. నేల లోపలికి ఇరుకైన మెట్లు దిగాలి. ఒకరు దిగుతుంటే ఇంకొకరు పైకి రాలేరు. ఊరి పక్క పారే స్వర్ణముఖి ఏటి మట్టానికి సరిసమానంగా అంత లోతున ఆ వినాయకుడు కూర్చున్నాడని చెబుతారు.

కాళాస్త్రిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఆచారం ఒకటుంది. శివరాత్రి బ్రహ్మోత్సవాల్లో మొదటి ధ్వజారోహణం స్వామికి జరగదు, కొండ మీద కన్నప్పకు జరుగుతుంది. కన్నప్ప అసలు పేరు తిన్నడు, బోయవాడు. మంత్రం తెలియదు, మడి తెలియదు. నోటితో నీళ్లు తెచ్చి అభిషేకం చేసి, వేటాడిన మాంసంలో తాను రుచి చూసి బాగున్నది ఏరి పెట్టాడు. స్వామి కంట రక్తం కారితే తన కన్ను పెరికి పెట్టి, రెండో కన్ను కూడా కారుతుంటే, ఆ చోటు గుర్తు తెలియడానికి కాలి బొటనవేలు ఆనించి రెండో కన్ను పెరకబోయాడు. ఆ కన్నప్ప జెండా ఎగిరాకే స్వామి జెండా. సాయంత్రం అత్త, పక్కింటి ఆడవాళ్లు, మేము పిల్లలం ఆ కొండెక్కేవాళ్లం. పైనుంచి గుడి, గోపురం, ఏరు, ఊరు ఒక్క చూపులో ఇమిడేవి. పెద్ద కొండ కాదు, పిల్లలు కూడా ఆగకుండా ఎక్కేయగలరు. చీకటి పడుతుంటే బొరుగులు, వేయించిన చెనిక్కాయలు తింటూ దిగేవాళ్లం.

ఇక ఏరు. స్వర్ణముఖి కాళాస్త్రి దగ్గర ఉత్తరం వైపు తిరిగి పారుతుంది. గుడి కట్టే రోజుల్లో పనివాళ్లు సాయంత్రం ఏట్లో పిడికెడు ఇసుక తీసుకుంటే, ఎవరి పనికి తగ్గట్టు వాళ్లకు అది బంగారం అయ్యేదట. పనిచేయనివాడికి ఇసుక ఇసుకగానే ఉండిపోయేదట. ఎండాకాలం ఏరంతా తెల్లటి ఇసుకే. చెలమ తవ్వితే నీళ్లు ఊరేవి. కొబ్బరి చిప్పతో తోడుకుని తాగేవాళ్లం, ఎంత తియ్యగా ఉండేవో. అంత ఎండాకాలంలోనూ ఒక పాయ సన్నగా పారుతూ ఉండేది. ఆ పాయలోనే మామ వాళ్ల పని.

మామ కలంకారీ వేసేవాడు. అచ్చులతో అద్దే పని కాదు, అది బందరు పక్క. కాళాస్త్రిది చేతిపని. వెదురు పుల్లను కొసన చెక్కి, దానికి కాస్త పైన ఉన్ని గుడ్డ చుట్టి దారంతో బిగిస్తే అదే కలం. రంగులో ముంచి, ఆ ఉన్నిని వేళ్లతో కాస్త నొక్కుతూ గీస్తుంటే గీత జారుతుంది. మా మామ గీసేటప్పుడు ఇల్లంతా నిశ్శబ్దం. నన్ను మాత్రం దగ్గర కూర్చోనిచ్చేవాడు.

గుడ్డకు రంగు వేయడానికి ముందే సగం పని ఉంటుంది. ముతక గుడ్డను పేడనీళ్లలో నానబెట్టి, ఏటి గట్టున ఎండేసి తెల్లబరచాలి. తర్వాత కరక్కాయ పొడి, ఎనుము పాలు కలిపిన నీళ్లలో ముంచి పిండి ఆరేయాలి. పాల కొవ్వు పట్టిన గుడ్డ మీద రంగు పక్కలకు పాకదు. కరక్కాయలు దంచే పని నాది. రోలు దగ్గర కూర్చుని దంచీ దంచీ చేతులు పసుపుపచ్చగా అయ్యేవి. పెరట్లో ఆరేసిన ఆ గుడ్డల పాలవాసనకు ఈగలు ముసిరేవి, వాటిని తోలడం కూడా నాదే.

నల్ల రంగుకు ఒక కుండ ఉండేది. అందులో తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్లు వేసి మూడు వారాలదాకా పులియబెడతారు. దాన్ని కసిమి అంటారు. కుండలో చూస్తే పలచటి టీ రంగు నీళ్లు, అంతే. మామ కలం ముంచి కరక్కాయ పట్టిన గుడ్డ మీద ఆనించగానే నల్లబడేది. నా కళ్లముందే, గీత వెనకాలే నలుపు తరుముకుంటూ వచ్చేది. నాకు అంతకుమించిన మాయ ప్రపంచంలో లేదు. "కరక్కాయ, ఇనుము కలిస్తే అంతే పాపా, దాంట్లో మాయ ఏముండాది" అనేవాడు మామ. కాల్చిన చింతబరికె బొగ్గుతో ముందు సన్నగా బొమ్మ వేసుకుని, దాని మీద ఈ నలుపు గీసేవాడు.

ఎరుపు ఇంకా విచిత్రం. ఎరుపు రావాల్సిన చోట పటిక నీళ్లు పూస్తారు. ఆరాక గుడ్డను పారే నీళ్లలో జాడించాలి, ఎక్కువైన పటిక కొట్టుకుపోవాలి. నిలవ నీళ్లు పనికిరావు, పటిక పక్కలకు అంటుకుంటుంది. అందుకే ఏరు కావాలి. ఈ ఊళ్లో ఈ పని నిలబడిందే ఆ పాయ వల్ల. మామ, ఇంకో ఇద్దరు మోకాలి లోతు నీళ్లలో నిలబడి అంత పెద్ద గుడ్డను చెరొక కొసా పట్టుకుని పాయకు అడ్డంగా వదిలేవాళ్లు. తర్వాత మంజిష్ఠ, సురుడుచెక్క వేసిన నీళ్లలో ఉడకబెడితే పటిక తగిలిన చోట మాత్రమే ఎరుపు పట్టుకుని, మిగతా గుడ్డ ఊరుకునేది. పసుపుకు కరక్కాయ పువ్వు, నీలానికి నీలిమందు. అత్త రంగులు నింపేది. నగల దగ్గర చుక్కలు పెట్టడం అత్త చేతికే వదిలేసేవాడు మామ. తనకంటే ఆమె చెయ్యి నిదానమని నలుగురిలోనూ చెప్పేవాడు.

ఒకప్పుడు గుళ్లలో స్వామి వెనకాల కట్టే తెరల కోసం, పురాణ కథలు చెప్పుకోవడానికి వేసిన బొమ్మలివి. ప్రతి గడి కింద తెలుగులో కథ రాసి ఉంటుంది. మధ్యలో ఈ విద్య దాదాపు ఎండిపోతే, కమలాదేవి చటోపాధ్యాయ పూనికతో 1950ల చివర్లో ఇక్కడ శిక్షణ కేంద్రం పెట్టారు. ఆ తర్వాతే మళ్లీ పదిమందికి అన్నం పెట్టింది. ఈ ఊరి జొన్నలగడ్డ గురప్పచెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చినప్పుడు అత్త ఇంట్లో పాయసం వండింది. అది తన పుట్టింటి పండగ అన్నట్టే మురిసిపోయింది. ఇప్పుడు ఈ పని చేసేవాళ్లలో ఆడపిల్లలే ఎక్కువగా కనిపిస్తున్నారు. నాకు చాలా సంతోషంగా ఉంటుంది.

అత్త పెళ్లి గురించి చెప్పాలి. శివరాత్రి ఉత్సవాల్లో స్వామికి, జ్ఞానప్రసూనాంబకు తెల్లవారుజామున కల్యాణం జరుగుతుంది. అదే ముహూర్తానికి ఆ వీధిలోనే బోలెడన్ని జంటలకు పెళ్లిళ్లు అయిపోతాయి. పందిళ్లు, మేళం, లగ్గపత్రిక ఏదీ అక్కర్లేదు. స్వామికి మోగే మేళమే అందరి మేళం. మా తాతకు అప్పుడు చేతిలో డబ్బు లేదు. పంట పోయిన సంవత్సరం. అత్తను, పెళ్లికొడుకును ఆ జనంలో పక్కపక్కన కూర్చోబెట్టి, పైన స్వామి మెడలో, అమ్మవారి మెడలో దండలు పడుతుంటే తాళి కట్టించేశారు. "నా పెళ్లికి వచ్చినంత జనం మీ ఎవరి పెళ్లికీ రాలేదు" అని అత్త మా అమ్మ దగ్గర ఎప్పుడూ అనేది. ఆ మాట అన్న ప్రతిసారీ నవ్వేది. మా అమ్మ కూడా నవ్వేది గానీ, తాత మాత్రం తల వంచుకునేవాడు. అత్తకు మాత్రం మనసులో ఏ కొరతా లేదు. ఏటేటా ఆ రోజు మామను తీసుకుని ఆ వీధికి పోయి, కొత్త జంటలకు అక్షింతలు వేసి వచ్చేది. ఎవరైనా పేదింటి పిల్ల కనిపిస్తే పసుపు కుంకుమతో ఒక రవికె గుడ్డ కూడా చేతిలో పెట్టేది.

శివరాత్రి రోజు ఉపవాసం. సాయంత్రం అత్త ఉడకబెట్టిన గెనుసుగడ్డలు మాత్రం పిల్లలకు అనుమతి. లింగోద్భవం దాకా మేలుకోవాలని పట్టుబట్టి, గుడి మండపంలో ఎవరి ఒళ్లోనో నిద్రపోయేవాళ్లం.

2010 మే 26 రాత్రి అత్త ఫోన్ చేసింది. "గోపురం పోయిందే" అంది, ఇంకేం మాట్లాడలేకపోయింది. అంతకుముందే పగుళ్లు పెద్దవయ్యాయి. చుట్టుపక్కల ఇళ్లూ అంగళ్లూ ఖాళీ చేయించారు కాబట్టి మనుషులకు ఏమీ కాలేదు. మర్నాడు నేను పోయాను. రాతి అడుగుభాగం చుట్టూ ఇటుకల గుట్ట, ఊరంతా సున్నపు దుమ్ము. వీధిలో ముసలివాళ్లు గోడలకు ఆనుకుని కూర్చుని ఏడుస్తున్నారు, ఇంట్లో పెద్ద పోయినట్టే. మామ అప్పటికి మంచాన ఉన్నాడు. బయటికి తీసుకుపొమ్మని అడగలేదు. "రాయలు పేర్చిన ఇటుకలు ఎట్లుండాయో చెప్పు పాపా" అన్నాడు. చూసింది చూసినట్టు చెప్పాను. కళ్లు మూసుకుని విన్నాడు.

అత్త ఇంటి మిద్దె మీదినుంచి గోపురం కనిపించేది. పొద్దున తులసికి నీళ్లు పోశాక అటు తిరిగి దండం పెట్టడం ఆమెకు అలవాటు. గోపురం లేని ఆ ఏళ్లంతా కూడా అటే తిరిగి దండం పెట్టింది. 2017లో కొత్త గోపురానికి కుంభాభిషేకం జరిగింది. పాతదాని లాగే ఏడంతస్తులు. కొత్తది పాతది అవుతుందా అని నాకు మనసులో బెంగగా ఉండేది. అత్తకు ఆ బెంగ లేదు. మామ ఆ రోజు చూడలేదే అన్న ఒక్క దిగులు తప్ప, పట్టుచీర కట్టుకుని పోయి, కలశాల మీద నీళ్లు చల్లుతుంటే నా చెయ్యి పట్టుకుని "వచ్చేసినాడు చూడు సామి" అంది. ఆమె మాటే నిజం. ఇప్పుడు బస్సులో పోతుంటే మళ్లీ ఆ చెట్ల మీదుగా శిఖరం కనిపిస్తుంది, నేనూ కూర్చున్నచోటే మొక్కుతున్నాను.

నాకు బాధ పెట్టేది ఏరు. ఇసుక తోడుకుపోయారు, ఆ సన్నపాయ కూడా చాలా నెలలు కనిపించదు. కలంకారీ వాళ్లు ఇప్పుడు బోరు నీళ్లతో, తొట్లలో జాడించుకుంటున్నారు. గోపురాన్ని మళ్లీ కట్టుకున్నాం. ఏటిని కూడా అంత పట్టుదలగా బాగుచేసుకోవాలని ఈ ఊరి మీద, ఈ పని మీద ప్రేమ ఉన్న ప్రతివాళ్లనూ చేతులు జోడించి అడుగుతున్నాను.

అత్త ఇప్పుడు లేదు. బావ, వదిన అదే ఇంట్లో ఉంటున్నారు. వాళ్ల పెద్దపిల్ల కలంకారీ నేర్చుకుంది, పక్క వీధి ఆడపిల్లలు నలుగురు దాని దగ్గరికి వస్తారు. పెరట్లో మళ్లీ పాలవాసన, మళ్లీ ఈగలు. 2022లో జిల్లాలు మారాక కాళాస్త్రి చిత్తూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాలోకి వచ్చింది, ఇప్పుడు కాగితాల మీద కూడా మా రెండు ఊళ్లూ ఒకటే జిల్లా.

కనుమ రోజు స్వామి, అమ్మవారు కైలాసగిరి చుట్టూ గిరిప్రదక్షిణకు బయలుదేరతారు. 20 కిలోమీటర్లకు పైనే నడక. దారి పొడుగునా పల్లెల వాళ్లు మజ్జిగ, పులిహోర పట్టుకుని ఎదురు నిలబడతారు. ఈసారి తప్పకుండా రావాలని వదిన ఇప్పటికే చెప్పింది. కనుమ ముందురోజు రాత్రికే పోతాను, ఓపికున్నంత దూరం స్వామి వెనకాలే నడుస్తాను. రావాలనుకునేవాళ్లు నాకు చెప్పండి. పడక వదిన వాళ్ల మిద్దె మీద, పొద్దున్నే దర్శనం. పిల్లలుంటే తీసుకురండి, నల్ల గీత ఎట్లా పుడుతుందో మా మేనకోడలు చూపిస్తుంది.